పేరు మారితే పని ఎవరిది?

జేఎన్‌టీయూ సిలబస్‌తో ఈసీఈ చదివినవాళ్లకు వీఎల్‌ఎస్‌ఐ పరీక్షలో స్టిక్ డయాగ్రమ్ గీయడం గుర్తుండే ఉంటుంది. డిఫ్యూజన్‌కు ఆకుపచ్చ గీత, పాలీసిలికాన్‌కు ఎర్ర గీత, లోహానికి నీలం గీత. ఎరుపు ఆకుపచ్చను అడ్డంగా దాటిన చోటల్లా ఒక ట్రాన్సిస్టర్ ఉన్నట్టే. గీతల వెడల్పులు మైక్రాన్లలో చెప్పరు, లాంబ్డాలలో చెబుతారు. పాలీసిలికాన్‌కు 2 లాంబ్డాలు, లోహానికి 3. ఫ్యాక్టరీల్లో గీతలు సన్నబడే కొద్దీ లాంబ్డా విలువ తగ్గుతుంది, గీసిన బొమ్మ మాత్రం అలాగే పనికొస్తుంది. ఈ పద్ధతిని ప్రపంచమంతటి ఇంజనీరింగ్ కాలేజీలకూ చేర్చిన పుస్తకం 1980లో వచ్చిన 'ఇంట్రడక్షన్ టు వీఎల్‌ఎస్‌ఐ సిస్టమ్స్'. రచయితలు కార్వర్ మీడ్, లిన్ కాన్వే. చిప్ ఎలా తయారవుతుందన్న గొడవ లేకుండా దాన్ని డిజైన్ చేయవచ్చని ఆ పుస్తకం నేర్పింది. ఫ్యాక్టరీ లేకుండా డిజైన్ మాత్రమే చేసే హైదరాబాద్ ఆఫీసుల బతుకుతెరువు ఆ ఆలోచన మీదే నిలబడి ఉంది. అయితే ఆ పుస్తకం మీదున్న రెండో పేరుకు 1968కి ముందు ఒక్క రోజు ఉద్యోగానుభవం కూడా లేదు. ఆ పేరు గల మనిషికి మాత్రం ఉంది. ఆ అనుభవం అప్పటి ప్రపంచంలో అత్యంత వేగంగా పనిచేయాల్సిన కంప్యూటర్‌ను డిజైన్ చేసిన అనుభవం.

యంత్రానికి మనిషితో పనిలేదు, కోడ్ నడిచిందా లేదా అన్నదే లెక్క అని కంప్యూటర్ రంగం తన గురించి తాను చెప్పుకుంటుంది. కులం, ఊరు, రంగు, ఆడామగా ఏదీ అడ్డురాని వృత్తి తమదని అందులో పనిచేసేవాళ్లు చాలామంది మనస్ఫూర్తిగానే నమ్ముతారు. ఈ నమ్మకం పూర్తిగా అబద్ధమని నేననను. కానీ పని తనంతట తాను నడిచి రాదు. రెజ్యూమే మీద, పేటెంటు మీద, మెమో అడుగున, పాత మేనేజరు చెప్పే నాలుగు మాటల్లో ఒక పేరును పట్టుకుని వస్తుంది. జెండర్ గుర్తింపు మారిన మనిషికి ఆ పేరు దగ్గరే తాడు తెగుతుంది. ఈ రంగం చాలాకాలం అలాంటివాళ్ల ముందు పెట్టిన షరతు ఒకటే, కొత్త పేరుతో బతకాలంటే పాత పనంతా వదులుకోవాలి. దానివల్ల నష్టపోయింది వాళ్లొక్కరే కాదు. వృత్తి తన చరిత్రనే పోగొట్టుకుంది.

కాన్వే 1938లో న్యూయార్క్ రాష్ట్రంలోని మౌంట్ వెర్నన్‌లో పుట్టారు. ఎంఐటీలో భౌతికశాస్త్రం మొదలుపెట్టి మధ్యలో వదిలేశారు. తర్వాత కొలంబియా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో పట్టాలు తీసుకుని 1964లో ఐబీఎం పరిశోధన విభాగంలో చేరారు. అప్పుడు అందరికీ ఆమె పురుషుడే. ఆ సంస్థ ఏసీఎస్ అనే సూపర్ కంప్యూటర్ ప్రాజెక్టును రహస్యంగా నడుపుతోంది. జాన్ కాక్, ఫ్రాన్ అలెన్ లాంటి హేమాహేమీలు అందులో ఉన్నారు. ప్రాసెసర్‌కు అందే ఆదేశాల్లో ముందున్నది డేటా కోసం ఆగిపోతే వెనకవన్నీ ఎందుకు ఆగాలన్నది వాళ్లను వేధించిన సమస్య. టిఫిన్ సెంటర్లో ఒకరి పెసరట్టు ఆలస్యమైతే వెనకవాళ్ల ఇడ్లీ ఆపరు కదా. సిద్ధంగా ఉన్న ఆదేశాలను వరస తప్పించి, అదీ ఒకేసారి ఒకటి కంటే ఎక్కువగా, ముందుకు పంపే సర్క్యూట్ ఉపాయాన్ని కాన్వే కనిపెట్టారు. 1966 ఫిబ్రవరిలో 'డైనమిక్ ఇన్‌స్ట్రక్షన్ షెడ్యూలింగ్' పేరిట మరో ముగ్గురు సహోద్యోగులతో కలిసి దాన్ని సంస్థ అంతర్గత మెమోగా రాశారు. రెండేళ్లకు, తాను స్త్రీగా మారబోతున్నానని పైవాళ్లకు తెలియజేశారు. విషయం చైర్మన్ థామస్ వాట్సన్ జూనియర్ దాకా వెళ్లిందని ఆమె తర్వాత రాశారు. 1968లో ఉద్యోగం తీసేశారు. తన ఇద్దరు చిన్నపిల్లలతో సంబంధం కూడా తెగిపోయింది.

తర్వాతి ఏడాది కొత్త పేరుతో, చెప్పుకోదగ్గ గతమేదీ లేని కాంట్రాక్ట్ ప్రోగ్రామర్‌గా అడుగు నుంచి మొదలుపెట్టారు. అక్కడి నుంచి మెమోరెక్స్, 1973లో జిరాక్స్ వారి పార్క్ పరిశోధనశాల. 1978లో ఎంఐటీలో ఆమె చెప్పిన కోర్సులో విద్యార్థులు సెమిస్టరు లోపలే సొంత చిప్‌లు డిజైన్ చేశారు. మరుసటి ఏడాది అదే పాఠాన్ని దేశమంతా పరిచారు. దాని పేరు ఎంపీసీ79. 12 విశ్వవిద్యాలయాల నుంచి 124 మంది 82 డిజైన్లను అప్పటి కంప్యూటర్ నెట్‌వర్క్ ఆర్పానెట్ ద్వారా పంపారు. అన్నిటినీ కలిపి కొద్దిపాటి సిలికాన్ వేఫర్ల మీదే అచ్చు వేయించి, గడువు ముగిసిన 29 రోజులకు ప్యాక్ చేసిన చిప్‌లను ఎవరివి వాళ్లకు పంపించారు. అంతవరకు చిప్ చేయించడమంటే పెద్ద కంపెనీ గోడల లోపల జరిగే పని. ఇప్పుడొక విద్యార్థి డిజైన్‌కు అయ్యే ఖర్చు పక్కవాళ్లతో పంచుకునేంతకు దిగింది. జిమ్ క్లార్క్ 'జామెట్రీ ఇంజిన్' తొలిరూపం ఆ విడతలోనే తయారైంది. దాని మీదే సిలికాన్ గ్రాఫిక్స్ సంస్థ లేచింది. 1981 నుంచి మోసిస్ అన్న సంస్థ ఈ పనిని శాశ్వత సేవగా నడిపింది. ఇంతా జరుగుతున్నప్పుడు, ఈమె పదేళ్ల కిందట కంప్యూటర్ ఆర్కిటెక్చర్‌లో ఏం చేసిందో చుట్టుపక్కల దాదాపు ఎవరికీ తెలియదు. చెబితే ఉద్యోగం పోతుందన్న భయంతో ఆమె చెప్పలేదు.

చివరికి ప్రతిభే గెలిచింది కదా అని ఇక్కడ ఎవరైనా అడుగుతారు. ఉద్యోగం పోయినా పైకొచ్చింది, ప్రపంచానికి పాఠం చెప్పింది, 1985లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయింది, ఇంకేం కావాలి? ఈ వాదనలో లొసుగు ఏమిటంటే, గెలిచినవాళ్లనే లెక్కపెడుతుంది. ఒకే మనిషి ఒక జీవితంలో రెండుసార్లు రంగాన్ని మలుపు తిప్పడం ఎంత అరుదో ఆలోచిస్తే, ఒక్కసారి మాత్రమే చేయగల సత్తా ఉన్నవాళ్లు అదే పరిస్థితిలో ఏమయ్యారన్న ప్రశ్న వస్తుంది. ఉద్యోగం పోతే రెండోసారి మొదలుపెట్టే అవకాశం దొరకనివాళ్లు చరిత్రలోకే రారు. పైగా ఆమె గెలిచింది ప్రతిభతో మాత్రమే కాదు, రహస్యం దాచుకోగలగడంతో కూడా. మూడు దశాబ్దాలు నోరు కట్టుకుని ఉండడం యోగ్యతా పరీక్షలో భాగమైతే, అది కోడ్ నడిచిందా లేదా అన్న పరీక్ష కానే కాదు.

కాలాన్ని బట్టి చూడాలన్నది మరో అభ్యంతరం. 1968లో ఏ కంపెనీ అయినా అంతే చేసేదంటారు. ఈ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. ఆ రోజుల్లో అమెరికా చట్టం ఆమెను ఏ విధంగానూ కాపాడేది కాదు. కానీ ఇదే థామస్ వాట్సన్ జూనియర్ 1953లోనే, పౌరహక్కుల చట్టానికి 11 ఏళ్ల ముందే, జాతి, రంగు, మతం చూడకుండా ఉద్యోగాలిస్తామని తన మేనేజర్లకు లేఖ రాశాడు. చట్టం కంటే ముందు నడవడం ఆ సంస్థకు చేతకాని పనేమీ కాదు. ఎవరి కోసం ముందు నడవాలో ఎంచుకుంది, అంతే. తర్వాతి కాలం కూడా దీన్నే చూపుతుంది. యూజ్‌నెట్‌ను నిలబెట్టినవాళ్లలో ఒకరైన మేరీ ఆన్ హార్టన్ లూసెంట్‌లో పట్టుబట్టడంతో, 1997లో ఆ కంపెనీ తన వివక్ష వ్యతిరేక విధానంలో జెండర్ గుర్తింపును చేర్చింది. అప్పటికీ దేశవ్యాప్త చట్టం లేదు. బ్రిటన్‌లో సోఫీ విల్సన్ సంగతి మరింత స్పష్టం. ఏకార్న్‌లో ఆమె రూపొందించిన ఆదేశాల పట్టికతో తొలి ఏఆర్‌ఎం చిప్ 1985 ఏప్రిల్‌లో పనిచేసింది. 1990ల్లో ఆమె స్త్రీగా మారారు. ఆ తర్వాత కూడా ప్రాసెసర్లు డిజైన్ చేస్తూనే ఉన్నారు. మన జేబుల్లోని ఫోన్లకు మూలమైన పని ఎవరిదన్న దానిపై ఎప్పుడూ గందరగోళం రాలేదు, ఎందుకంటే మధ్యలో తాడు ఎవరూ తెంపలేదు.

సాంకేతిక చరిత్రకారులు లేవనెత్తేది మాత్రం గట్టి అభ్యంతరం. కాన్వే ఉపాయం మరుగున పడటానికి ఆమెను తీసేయడమొక్కటే కారణం కాదు. ఏసీఎస్ ప్రాజెక్టునే 1969లో రద్దు చేశారు. అదీకాక ఆదేశాలను వరస తప్పించి నడిపే మరో పద్ధతిని అదే సంస్థలోని రాబర్ట్ టోమాసులో 1967లోనే ప్రచురించాడు, పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరే ఉంది. ఇవి రెండూ నిజాలే. 1990ల ప్రాసెసర్లన్నీ కాన్వే మెమో నుంచే దిగాయని చెప్పడం అతిశయోక్తి. అయినా టోమాసులో పద్ధతి ప్రచురణలో నిలిచింది, ఏసీఎస్ పద్ధతి అంతర్గత కాగితాల్లో చిక్కుకుంది. ఆ కాగితాలకు అర్థం చెప్పగల మనిషి నోరు తెరవలేని స్థితిలో ఉంది. 1990ల చివర మార్క్ స్మాదర్‌మన్ అనే పరిశోధకుడు ఏసీఎస్ చరిత్ర తవ్వడం మొదలుపెట్టాక, ఇక తన గతం బయటపడక తప్పదని గ్రహించి కాన్వే తానే ముందుకొచ్చారు, దాచుకున్న పాత పత్రాలు ఇచ్చారు. 30 ఏళ్లు ఒక ప్రాజెక్టు చరిత్ర అసంపూర్తిగా ఉండటానికి ఒక మనిషి జెండర్ కారణమైంది. ఇది వ్యక్తిగత విషయం, కంప్యూటర్ చరిత్రకు అనవసరం అనేవాళ్లకు ఇంతకంటే వేరే జవాబు అక్కర్లేదు. ఐబీఎం క్షమాపణ చెప్పింది 2020లో. కాన్వే 2024 జూన్‌లో కన్నుమూశారు.

మన దగ్గర ఈ ముడి వేరేలా పడింది. నిజాం కాలంలో, 1329 ఫసలీలో, హైదరాబాద్‌లో హిజ్రాల పేర్లు నమోదు చేసే రిజిస్టరు కోసమే ఒక చట్టం ఉండేది. తెలంగాణ హైకోర్టు దాన్ని 2023లో కొట్టేసింది. పేరు రాసుకోవడం అంటే నిఘా అన్న అనుభవం ఆ సమాజానికి పాతదే. 2014లో సుప్రీంకోర్టు నల్సా తీర్పులో జెండర్‌ను ఎవరికి వారు చెప్పుకోవచ్చని గుర్తించింది. 2019లో కేంద్ర చట్టం, మరుసటి ఏడు నియమాలు వచ్చాయి. కానీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి కావాల్సింది గొలుసు. ఎస్సెస్సీ మెమో, ఇంటర్, డిగ్రీ, ఆధార్, పాన్, పాత కంపెనీ రిలీవింగ్ లెటర్, అన్నిట్లో ఒకే పేరు ఉండాలి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఒక్క కాగితం తేడా వచ్చినా కొర్రీ పడుతుంది. ఫేక్ ఎక్స్‌పీరియన్స్ బెడద ఉన్న చోట ఆ తనిఖీ వద్దనలేం. తనిఖీకి కావాల్సింది ఈ రెండు పేర్లూ ఒకే మనిషివని నిర్ధారణ మాత్రమే, ఆ సంగతి టీమ్ అంతటికీ చేరడం కాదు. ఈ తేడా పాటించని హెచ్‌ఆర్ విభాగం తెలియకుండానే 1968 నాటి షరతే పెడుతుంది. గతం చూపించు, లేదా వదులుకో అని.

ఇప్పుడీ చిక్కు కాగితాలను దాటి కోడ్‌లోకి వచ్చింది. ఏసీఎం లాంటి ప్రచురణ సంస్థలు పాత పరిశోధన పత్రాల మీద రచయిత పేరు మార్చుకోవడానికి అనుమతిస్తున్నాయి. చరిత్రను దిద్దడమే ఇది అని కొందరి ఆక్షేపణ. పత్రంలోని ఫలితం మారనంతవరకు, రాసినవారెవరో సరిగ్గా చెప్పడం దిద్దుబాటు ఎలా అవుతుందో నాకు అర్థం కాదు. కానీ కోడ్‌లో ఎవరు ఏ మార్పు చేశారో నమోదు చేసే గిట్‌లో ఆ వెసులుబాటు లేదు. కమిట్ అనే ప్రతి నమోదుకూ ఉండే గుర్తింపు సంఖ్యను, అంటే హ్యాష్‌ను, లెక్కగట్టేటప్పుడు రాసినవారి పేరు, ఈమెయిలు కూడా కలుస్తాయి. పేరు మారిస్తే ఆ హ్యాష్ మారుతుంది, దాని మీద కట్టిన తర్వాతి కమిట్లన్నిటివీ మారతాయి, ఆ రిపాజిటరీని కాపీ చేసుకున్న వాళ్లందరి దగ్గరా లెక్క తప్పుతుంది. దీనికో మార్గంగా మెయిల్‌మ్యాప్ అనే చిన్న ఫైలు పెట్టుకోవచ్చు. పాత ఈమెయిలు ఎదురుగా కొత్త పేరు రాస్తే లాగ్ చూసినప్పుడు కొత్తదే కనిపిస్తుంది, పదేళ్ల పనీ ఒకే మనిషి ఖాతాలో పడుతుంది. అయితే ఆ ఫైలు కూడా అదే రిపాజిటరీలో అందరికీ కనబడేలా ఉంటుంది. తెరిచి చూసేవాళ్లకు పాత పేరు, కనీసం ఆ పేరున్న ఈమెయిలు, కొత్త పేరు పక్కనే ఒకే వరసలో దొరుకుతాయి. పని నిలబెట్టుకోవాలంటే ఆ వరస రాయాలి, గతం దాచుకోవాలంటే రాయకూడదు. ఏది మేలో ఎవరికి వాళ్లు తేల్చుకుంటున్నారు.