బడికిచ్చిన లాప్‌టాప్ బీరువాలో మగ్గకూడదంటే

బెంగళూరులోని తెలుగు మాధ్యమ బడులకూ, ఆదివారం తెలుగు తరగతులకూ ఇప్పుడు దాతల నుంచీ కంపెనీల నుంచీ పాత లాప్‌టాప్‌లు, టాబ్‌లు, ప్రొజెక్టర్లు వస్తున్నాయి. సంతోషమే. కానీ ఇవ్వడం ఒక్కపూట పని, కాపాడుకోవడం ఏళ్ల తరబడి పని. ఆ రెండో పని గురించి మాకు తెలిసింది ఇక్కడ రాస్తున్నాం.

కొన్నేళ్ల క్రితం మా సంఘం ఒక బడికి 12 లాప్‌టాప్‌లు ఇచ్చింది. ఫొటోలు దిగాం, శాలువాలు కప్పుకున్నాం, వచ్చేశాం. ఏడాది తర్వాత వెళ్లి చూస్తే అన్నీ బీరువాలో తాళం వేసి ఉన్నాయి. మూడింటి బ్యాటరీలు ఉబ్బిపోయాయి. ప్రధానోపాధ్యాయురాలిని అడిగితే, "ఒక్కటి పోయినా నా జీతంలో కోస్తారేమోనని భయం సార్" అన్నారు. తప్పు ఆమెది కాదు, మాది. యంత్రాలిచ్చాం గానీ కాగితం ఇవ్వలేదు. ఆ ఏడాదంతా పిల్లలు వాటిని తాకనైనా లేదు.

పొరుగు రాష్ట్రాలు నేర్పిన పాఠాలు

తమిళనాడు 2011 సెప్టెంబరులో విద్యార్థులకు ఉచిత లాప్‌టాప్‌ల పథకం మొదలుపెట్టింది. కేరళ 2018లో హైటెక్ స్కూల్ పథకం కింద 45 వేల తరగతి గదులకు లాప్‌టాప్‌లు, ప్రొజెక్టర్లు సమకూర్చడం ప్రారంభించింది. కేరళ వస్తువులతో ఆగలేదు. 'లిటిల్ కైట్స్' పేరుతో విద్యార్థుల క్లబ్బులు పెట్టి, పరికరాల సంరక్షణలో పిల్లలకే భాగం ఇచ్చింది. ఉచిత సాఫ్ట్‌వేర్‌నే వాడింది.

ఆంధ్రప్రదేశ్ 2022 డిసెంబరు 21న ఎనిమిదో తరగతి విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ కలిపి సుమారు 5.18 లక్షల టాబ్‌ల పంపిణీ మొదలుపెట్టింది. అందులోని పాఠాలు మన బెంగళూరు కంపెనీ బైజూస్‌వి. 2024 జులైలో ఆ కంపెనీపై దివాలా ప్రక్రియ మొదలైంది. దీన్నిబట్టి ఎవరు పరికరం ఇస్తామన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: "రేపు ఆ కంపెనీ లేకపోయినా ఈ పాఠాలు తెరుచుకుంటాయా?" ప్రభుత్వ వేదిక దీక్షలో పాఠాలను ముందే డౌన్‌లోడ్ చేసుకొని నెట్ లేకుండా చూసే వీలుంది. ఇలాంటిది ఒకటి దగ్గర పెట్టుకుంటే ఒక్క కంపెనీనే నమ్ముకోనక్కర్లేదు.

రిజిస్టరే మొదటి తాళం

జీవితమంతా ఫైళ్ల మధ్య గడిపినవాళ్లం కాబట్టి ఇది గట్టిగా చెప్పగలం. స్టాకు రిజిస్టరులో ప్రతి పరికరానికి ఒక వరుస ఉండాలి. సీరియల్ నంబరు, మోడల్, వచ్చిన తేదీ, దాత పేరు, విలువ, ఏ గదిలో ఉంది, ఎవరి చేతిలో ఉంది, రిపేరు తేదీలు రాయాలి. లాప్‌టాప్ నంబరే దాని చార్జరు మీదా వేయాలి. మాకు తెలిసి ముందుగా తప్పిపోయేది చార్జరే. తీసుకున్నప్పుడు, తిరిగి ఇచ్చినప్పుడు సంతకం వేరే పుస్తకంలో ఉండాలి.

స్థిరాస్తులను ఏడాదికి ఒక్కసారైనా స్వయంగా చూసి సరిపోల్చాలని కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు (2017) 213వ నియమంలో చెబుతున్నాయి. అది కేంద్ర కార్యాలయాలకే అయినా బడికీ మంచి అలవాటే.

అన్నిటికంటే ముఖ్యం, వాడకంలో వచ్చే మామూలు అరుగుదలకు ఉపాధ్యాయులు బాధ్యులు కారని ఎస్‌డీఎంసీ లేదా యాజమాన్యం తీర్మానం రాసి సంతకాలు చేయాలి. ఆ ఒక్క కాగితం బీరువా తాళం తీయిస్తుంది.

కరెంటు, బ్యాటరీ

లాప్‌టాప్ చార్జరు సాధారణంగా 65 వాట్లు. 30 కలిపితే 1,950 వాట్లు. 6 ఆంపియర్ల ఎక్స్‌టెన్షన్ బాక్సు 230 వోల్టుల దగ్గర 1,380 వాట్లు మాత్రమే మోస్తుంది. అన్నీ దానికే తగిలిస్తే వైర్లు వేడెక్కి ప్రమాదం. రెండు మూడు విడతలుగా చార్జింగ్ పెట్టాలి, లేదా ఎలక్ట్రీషియన్ చేత 16 ఆంపియర్ల పాయింట్లు వేయించాలి. రాత్రిపూట మనుషులు లేనప్పుడు చార్జింగ్ వద్దు.

వేసవి సెలవులకు ముందు బ్యాటరీని సగం వరకు చార్జ్ చేసి, ఆపి, చల్లని చోట పెట్టాలి. పూర్తిగా ఖాళీ చేసి నెలల తరబడి వదిలితే పాడవుతుంది. ఉబ్బిన బ్యాటరీని నొక్కకూడదు, గుచ్చకూడదు, మళ్లీ చార్జింగ్ పెట్టకూడదు. పిల్లలకు అందకుండా వేరుగా పెట్టి మెకానిక్‌ను పిలవాలి.

సాఫ్ట్‌వేర్, తెలుగు

విండోస్ 10కు ఉచిత భద్రతా మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాత లాప్‌టాప్‌లు చాలావరకు విండోస్ 11కు అర్హత పొందవు. వాటిని పారేయనక్కర్లేదు. ఉబుంటు, లినక్స్ మింట్ వంటివి, లిబ్రే ఆఫీస్ ఉచితంగా దొరుకుతాయి. ఇన్‌స్క్రిప్ట్ తెలుగు కీబోర్డు విండోస్‌లోనూ లినక్స్‌లోనూ ఉంది. ప్రశ్నపత్రాలు, పాఠాలు యూనికోడ్‌లోనే టైపు చేయించండి. అను ఫాంట్లలో చేసినవి ఆ ఫాంటు లేని యంత్రంలో పిచ్చిగీతల్లా కనిపిస్తాయి.

పిల్లల వివరాలు

దాత ఇచ్చిన యంత్రంలోని పాత సమాచారాన్ని పూర్తిగా తుడిచాకే పిల్లల చేతికివ్వాలి. టీచరుకు ఒక లాగిన్, పిల్లలకు మరొకటి ఉండాలి. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం (2023) 18 ఏళ్లలోపు వారి వివరాల సేకరణకు తల్లిదండ్రుల సమ్మతి కోరుతుంది. కనబడిన ప్రతి యాప్‌లో పిల్లల పేరు, ఫొటో, ఫోన్ నంబరు పెట్టవద్దు.

పనికిరాకుండా పోతే

ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాలు (2022) 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్నాయి. పాత ఇనుప సామాన్ల వాడికి అమ్మకుండా, రిజిస్టరైన రీసైక్లర్‌కు ఇచ్చి రసీదు తీసుకోండి. ఇచ్చేముందు హార్డ్‌డిస్కు తుడిపించండి. ఆ రసీదును రిజిస్టరుకు అంటించి, తీర్మానం నంబరు వేసి ఆ వరుస కొట్టేయండి.

ఇప్పుడు మా సంఘం పద్ధతి మారింది. పరికరంతో పాటు రిజిస్టరు, తీర్మానం నమూనా ఇస్తాం. మూడు నెలలకోసారి ఒకరం వెళ్లి సరిచూస్తాం. ఆ బడిలో మిగిలిన తొమ్మిది లాప్‌టాప్‌లూ బీరువా దిగాయి. మొన్న వెళ్లినప్పుడు ఐదో తరగతి పిల్లలు తమ పేరు, తాతగారి ఊరి పేరు తెలుగులో టైపు చేసి చూపించారు. మీ బడి బీరువాలోనూ యంత్రాలుంటే ఈ వారమే తెరిచి లెక్క రాయండి.