ఎనిమిది సెకన్ల లోపు

1986 ఏప్రిల్. టెక్సాస్‌లోని టైలర్, ఈస్ట్ టెక్సాస్ కాన్సర్ సెంటర్. థెరాక్-25 రేడియేషన్ యంత్రం కంట్రోల్ గదిలో, టెర్మినల్ పక్కన నిలబడ్డారు మీరు. లోపల బల్ల ఖాళీ. మార్చి 21న ఒకరు, ఏప్రిల్ 11న మరొకరు ఆ బల్ల మీదే రేడియేషన్‌కి కాలిపోయారు. రెండుసార్లూ తెర మీద కనిపించింది ఒక్కటే: మాల్‌ఫంక్షన్ 54. మొదటి ప్రమాదం తర్వాత తయారీ సంస్థ ఇంజనీర్లు వచ్చి ఎంత పరీక్షించినా ఆ 54 రాలేదు. ఏప్రిల్ 7న యంత్రాన్ని మళ్ళీ వాడకంలోకి తెచ్చారు.

ఆసుపత్రి ఫిజిసిస్ట్ ఫ్రిట్జ్ హేగర్ ఈసారి వదల్లేదు. రెండు రోజులూ యంత్రం నడిపిన ఆపరేటర్ ఇప్పుడు ఆయనతో పాటు కీబోర్డు ముందుంది. తానేం నొక్కిందో ఆమెకి బాగా గుర్తుంది.

ఆమె వేళ్ళనే చూడండి. ఎలక్ట్రాన్ చికిత్సకి ‘ఇ’ కొట్టాల్సిన చోట ‘ఎక్స్’. వచ్చేవాటిలో ఎక్కువ ఎక్స్‌రే చికిత్సలే కాబట్టి చేతికదే అలవాటు. పై బాణం కీ, ‘ఇ’, ఆపైన రిటర్న్, రిటర్న్, రిటర్న్. తెర మీద అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఏమీ జరగదు. మళ్ళీ. ఏమీ లేదు. ఇంకా వేగంగా, రోజూ పనిలో కొట్టే వేగంతో.

మాల్‌ఫంక్షన్ 54.

లోపల జరిగింది ఇది. కీబోర్డు చూసే పని ఒకటి, కిరణాన్ని వంచే అయస్కాంతాలను సిద్ధం చేసే పని ఇంకొకటి, ఒకే కంప్యూటర్‌లో పక్కపక్కనే నడుస్తాయి. రెండూ ఒకే వేరియబుల్స్‌ని వాడుకుంటాయి, కాపలా ఏమీ లేదు. అయస్కాంతాలు కుదురుకోవడానికి దాదాపు 8 సెకన్లు. ఆ లోపే దిద్దుబాటు పూర్తయితే రెండో పనికి అది తెలియదు. కిరణానికి అడ్డుగా ఉండే పరికరాలను మార్చే టర్న్‌టేబుల్ మాత్రం కొత్త విలువ చదివి ఎలక్ట్రాన్ స్థానానికి తిరుగుతుంది. ఎక్స్‌రేకి పెట్టిన కిరణం, ఎలక్ట్రాన్‌కి కావలసిన దానికి సుమారు 100 రెట్ల కరెంట్‌తో, అడ్డుగా టార్గెట్ లేకుండా నేరుగా దిగుతుంది. మార్చిలో రోగికి రాసింది 180 రాడ్ల రేడియేషన్. పడింది 16,500 నుంచి 25,000 అని అంచనా.

నిదానంగా, ఒక్కో అంకె సరిచూసుకుంటూ కొట్టే ఇంజనీరుకి ఇది దొరకదు. తప్పు ఏదో ఒక్క లైన్లో లేదు, ఏ పని ముందు ఏ పని వెనక అన్న వరసలో ఉంది. ఆ వరసని బయటికి లాగింది ఈమె చేతివేగమే. అది లేకపోతే 54 అంతు చిక్కేది కాదు. తయారీదారు ఇంజనీర్లకి కూడా, వేగంగా కొట్టాలని హేగర్ చెప్పాకే అది వచ్చింది.

ఏప్రిల్ 15న కంపెనీ నుంచి ఆసుపత్రులకి ఉత్తరం: పై బాణం కీ టోపీ పీకేసి, కింద స్విచ్ కలవకుండా ఎలక్ట్రికల్ టేపు వేయండి. ప్రోగ్రాంలో ఆ రెండు పనులూ అవే వేరియబుల్స్ మీద, అదే తీరున నడుస్తూనే ఉన్నాయి.