అంబాసిడరూ, అమ్మా, చల్లగాలీ

మొన్నటి వేసవిలో మా అమ్మ ఒక షరతు పెట్టింది. కంటి శుక్లాల ఆపరేషనుకు హైదరాబాదు వస్తుందట. అయితే బాపు కారులోనే వస్తుందట! వేరే కారు తెస్తే గడప దిగదట.

చూడండి మరి, డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. మా రామగుండం, గోదావరిఖని ప్రాంతంలో మే నెల వస్తే ఎండ 45 డిగ్రీలు దాటడం ఎవరికీ వింత కాదు. హైదరాబాదు 200 కిలోమీటర్ల పైమాట. ఇక బాపు కారంటారా, అది 1984 నాటి అంబాసిడర్. బాపు సింగరేణిలో అండర్ మేనేజరుగా ఉన్న రోజుల్లో, 1987లో ఎవరి దగ్గరో పాతది కొన్నాడు. ఆయన పోయి ఆరేళ్లయినా అది మాత్రం షెడ్డులో పెద్దమనిషిలా కూచుని ఉంది.

"మా కారులో ఏసీ ఉందమ్మా, హాయిగా పడుకుని రావచ్చు" అన్నాను.

"బాపు కారుల సుత ఏసీ ఉన్నది గద!" అంది అమ్మ.

నిజమే, ఉంది! డాష్‌బోర్డు కింద వేలాడే నల్లటి పెట్టె. 1988 వేసవిలో బాపు హైదరాబాదులో దాన్ని బిగించుకొచ్చాడు. ధర్మపురికో, వేములవాడకో పోతుంటే ఆ గాలికి నా జడ కుచ్చులు ఎగరడం ఇప్పటికీ గుర్తు. 1997లో నేను డిగ్రీ చదవడానికి హైదరాబాదు హాస్టలుకు వెళ్లాను. దసరా సెలవులకు ఇంటికి వచ్చేసరికి ఆ పెట్టె మూగబోయి ఉంది. ఏమైందని నేను అడగలేదు. ఆ వయసులో మనకు మన జడ తప్ప మరొకటి పట్టదు కదా!

సరే, దాన్ని మళ్లీ పలికించాలని బయల్దేరాను. కారు గురించి నాకు తెలిసింది హారన్ ఎక్కడుందో, పెట్రోలు ఎక్కడ పోస్తారో, అంతే. కానీ హిస్టరీ బి.ఏ. చదివినదాన్ని. ఏ వస్తువు కనిపించినా దాని తాతముత్తాతలెవరని ఆరా తీసే జబ్బు ఉంది.

చల్లదనం కోసం మనిషి పడని పాట్లు లేవు. మన ఇళ్లలో కిటికీలకు వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లేవారు. దొరల బంగళాల్లో పంకా ఊగేది. ఆ పంకా తాడు లాగే మనిషి మాత్రం వరండాలో ఉక్కలో కూచునేవాడు. మద్రాసు సముద్రతీరంలో ఐస్‌హౌస్ చూసే ఉంటారు. అమెరికా నుంచి ఓడల్లో వచ్చే మంచుగడ్డలు దాచడానికి 1842లో కట్టిన భవనం అది. ఎక్కడో బోస్టన్ ప్రాంతపు చెరువుల్లో కోసిన మంచు, మద్రాసు దొరవారి గ్లాసులో కరిగేదన్నమాట.

ఎయిర్ కండిషనింగ్ కథ ఇంకా తమాషా. 1902లో న్యూయార్కు బ్రూక్లిన్‌లోని ఒక అచ్చాఫీసులో గాలిలో తేమ ఎక్కువై కాగితం సాగుతోందట, రంగులు ఒకదానిమీద ఒకటి సరిగ్గా పడడం లేదట. ఆ తేమను అదుపు చేయడానికి విల్లిస్ కారియర్ అనే కుర్ర ఇంజనీరు ఒక ఏర్పాటు తయారుచేశాడు. అంటే ఏసీ పుట్టింది మన కోసం కాదండీ, కాగితాల కోసం! పత్రికల్లో రాసుకునే నాబోటి వాళ్లు గర్వపడవలసిన విషయమే.

కారులోకి అది రావడానికి మరో ముప్పై ఏడేళ్లు పట్టింది. అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీవారు 1939లో చూపించి, 1940 మోడళ్లలో అమ్మారు. సామాను డిక్కీలో సగం మింగేసేది. పైగా చల్లగాలి ఆపాలంటే మీట లేదు! కారు ఆపి, బానెట్ ఎత్తి, కంప్రెసరు బెల్టు ఊడదీయాలి. రెండేళ్లలోనే ఆ ముచ్చట తీరిపోయింది. డబ్బున్నవాళ్లు కూడా ఇదేం గోల అనుకున్నారేమో!

మన అంబాసిడర్ కథ వేరు. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారును తీసుకొచ్చి, 1950ల చివర కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో హిందూస్థాన్ మోటార్స్ వారు తయారుచేయడం మొదలుపెట్టారు. 2014 మే నెలలో ఆ ఫ్యాక్టరీ ఆగేదాకా దాని రూపం పెద్దగా మారలేదు. మంత్రిగారికీ అదే, పెళ్లికొడుక్కీ అదే, టాక్సీకీ అదే. అయితే ఒక్క సంగతి. అది చల్లటి దేశంలో గీసిన బొమ్మ. మా కారులోని 1489 సీసీ ఇంజనుకు దాదాపు 50 గుర్రాల బలం. దాని మీద ఎండాకాలం, ఆరుగురు మనుషులు, పెళ్లి సామాను. పైన ఏసీ!

మా ఊళ్లో ఒక మెకానిక్ ఉన్నాడు. బాపు ఉన్నప్పటి నుంచీ ఆ కారును చూసినవాడు, నన్ను చెల్లె అంటాడు. బానెట్ ఎత్తి, కాసేపు మౌనంగా నిలబడి, నాకు ఏసీ వేదాంతం చెప్పాడు.

"చూడు చెల్లె, ఏసీ చల్లదనం పుట్టియ్యది. లోపలి వేడిని పట్టుకపొయ్యి బయట పారేస్తది. గంతే."

ఆయన చెప్పింది నా భాషలో ఇదీ. కంప్రెసరు గ్యాసును బిగించి నొక్కుతుంది, అది కాగిపోతుంది. కారు ముందున్న కండెన్సరులో ఆ వేడి బయటి గాలికి వదిలి ద్రవమవుతుంది. తర్వాత సన్నటి సందులోంచి దూకి విచ్చుకునేటప్పుడు చల్లబడి, డాష్‌బోర్డు కింది పెట్టెలోని గాలిలో వేడిని పీల్చుకుంటుంది. మళ్లీ కంప్రెసరుకు వెళుతుంది. ఈ బండచాకిరీ అంతా ఇంజనే బెల్టుతో తిప్పాలి. మండుటెండలో దానికే నాలుగైదు గుర్రాల బలం ఖర్చు. పైగా కండెన్సరు ఉండేది రేడియేటరు ముందే. మనల్ని చల్లబరిచిన వేడి అంతా ఇంజను మొహాన కొడుతుందన్నమాట. ముసలి ఇంజను మరిగిపోక ఏంచేస్తుంది?

"ఇంజనే మార్చాలె" అని తేల్చాడు.

మార్చడానికి దారి కంపెనీవారే 1990ల మొదట్లో చూపించారు. అదే అంబాసిడర్‌లో జపాను ఇసుజు వారి 1817 సీసీ ఇంజను, ఐదు గేర్లు పెట్టి అమ్మారు. మూలబడ్డ అలాంటి కారు నుంచి, కాగితాలన్నీ సరిగ్గా ఉన్న ఇంజను ఒకటి దొరికింది. ఇంజను మార్చాలంటే రవాణాశాఖ అనుమతి కావాలి, ఆర్.సి. పుస్తకంలో కొత్త నంబరు ఎక్కాలి. ఆ తిరుగుడంతా తిరిగాను. ఇంజను మారితే దాన్ని పట్టుకునే మౌంటింగులు, గేరుబాక్సు, కంప్రెసరును మోసే బ్రాకెట్టు అన్నీ మారాలి. బెల్టు చక్రాలు దారం పట్టినట్టు ఒకే వరుసలో లేకపోతే బెల్టు అరుస్తుంది, తెగుతుంది. రేడియేటరు ఎదుట కరెంటు ఫ్యాను అదనం.

పాత పైపులు కూడా పనికిరావన్నాడు. ఇక్కడ మళ్లీ కాస్త చరిత్ర. 1988లో బాపు నింపించిన గ్యాసు ఆర్-12. 1930 ప్రాంతంలో అమెరికాలో దాన్ని తయారుచేసినప్పుడు మంటలేదు, విషంలేదు, దేవుడిచ్చిన వరమన్నారు. 1974లో మొలీనా, రోలండ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అలాంటి గ్యాసులు ఆకాశంలోని ఓజోను పొరను తినేస్తాయని చెప్పారు. 1987లో మాంట్రియల్‌లో పలు దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. 2010 నాటికి మన దేశమూ మానేసింది. దాని స్థానంలో వచ్చిన ఆర్-134ఏకి పాత కంప్రెసరు ఆయిలు పొసగదు, పాత రబ్బరు పైపుల్లోంచి అది మెల్లగా జారిపోతుంది. ఓజోనుకు హాని చేయదు గానీ, అంతే బరువు బొగ్గుపులుసు వాయువుతో పోలిస్తే వెయ్యి రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. చూశారా, ఒకచోట తీసిన వేడి మరోచోట తేలాల్సిందే!

కొత్త పైపులు, కొత్త కంప్రెసరు వేసి, లోపలి గాలినీ తేమనూ పంపుతో లాగేసి గ్యాసు నింపాలి. నల్లపెట్టె మాత్రం అదే ఉంచమన్నాను. లోపలి కాయిలు మాత్రం కొత్తది.

పాత ఇంజను దించే రోజు మెకానిక్ డిక్కీ ఖాళీ చేశాడు. స్టెప్నీ కింద ఒక పొట్లం దొరికింది. విప్పి చూస్తే రబ్బరు బెల్టు. ఏసీ బెల్టే. చుట్టిన పేపరు మీద తేదీ 1997 జూన్.

ఇంటికి తెచ్చి అమ్మకు చూపించాను. చాటలో బియ్యం ఏరుకుంటూ, తల ఎత్తకుండా చెప్పింది.

"గా ఏడు సిద్దిపేట కాడ ఇంజన్ మసిలింది. కొత్తది ఏయిస్త అని పైసలు జమచేసిండు. గంతల్నే నీకు హైదరాబాదుల సీటొచ్చె. గా పైసలు నీ హాస్టలుకు కట్టిండు. బెల్టు ఊడదీసి, బాయిల ఉక్కకంటె ఎక్కువనా ఇది, అన్నడు."

మా వైపు బొగ్గుగనిని బాయి అంటారు. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లందు దగ్గర బొగ్గు గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ పేరుతో కంపెనీ ఏర్పడింది. గోదావరిఖని బాయిలు ఆ తర్వాత పుట్టినవి, 1960 ప్రాంతంలో. పైనుంచి ఎంత పెద్ద ఫ్యాన్లతో గాలి తోలినా, లోతుకు పోయినకొద్దీ ఉక్క, తేమ. బాపు షిఫ్టు దిగి వచ్చి బనీను పిండితే నల్లనీళ్లు కారేవి. 1983లో రామగుండంలో ఎన్.టి.పి.సి. వారి మొదటి యూనిట్ వెలిగింది. తర్వాత అది 2600 మెగావాట్ల కేంద్రమైంది. మా బాయిల బొగ్గుతో పుట్టిన కరెంటే హైదరాబాదుకూ పోయేది. హాస్టల్లో ఫ్యాను కింద వెల్లకిలా పడుకుని నేను హర్షవర్ధనుడి దానధర్మాలు వల్లెవేశాను. ఆ ఫ్యాను ఎవరి దానమో ఏ పరీక్షలోనూ అడగలేదు.

అందుకే అంటున్నాను, చల్లదనమనేది ఎవరూ పుట్టించరు. ఒకరి దగ్గరి వేడిని మరొకరు మోస్తారు. పంకా తాడు లాగినవాడు మోశాడు, బాయిలో దిగినవాడు మోశాడు. మా ఇంట్లో ఒక బెల్టు ఊడదీసి, పాతికేళ్ల వేసవులు ఇద్దరు మోశారు. నేను అద్దాలెత్తిన కార్లలో తిరిగాను.

పని పూర్తికావడానికి నెలన్నర పట్టింది. ఆపరేషను ఆలస్యమైనా అమ్మ ఒక్క మాట అనలేదు. బయల్దేరిన రోజు వెనక సీట్లో కూచుని చెవి ఒగ్గి విన్నది.

"సప్పుడు బాపు కారుది గాదు" అంది. నా గుండె జారింది.

పెద్దపల్లి దాటేసరికి నల్లపెట్టెలోంచి వస్తున్న గాలి ఆమె పైట కొంగును కదిలిస్తోంది. కరీంనగర్ దగ్గర మానేరు వంతెన మీద అద్దం దించమంది. దించాను. వేడిగాలి కొట్టగానే ఎత్తమంది. మళ్లీ చల్లబడింది. సిద్దిపేట వచ్చింది. రేడియేటరు ముల్లు కదల్లేదు.

"ఈడనే మసిలింది" అంది అమ్మ, రోడ్డు పక్కకు చూస్తూ. కాసేపాగి, "ఆయన గుడ ఉంటే మంచిగుండు" అంది.

ఆపరేషను బాగానే అయింది. కంటికి నల్లద్దాలు పెట్టుకుని అదే కారులో తిరిగొచ్చింది. ఇల్లు చేరాక దిగుతూ అడిగింది, పాత బెల్టు ఏంచేశావని.

"డిక్కీలోనే ఉందమ్మా, పేపరుతో సహా."

"ఉండనియ్" అంది.