మన్యపు పాదులు - పండు ఈగ

టికిరి కిరుప్రక్కల నున్న కోరాపుట్, రాయగడ సీమలు 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిశాలో జేరువఱకు చెన్నపురి రాజధానియందలి విశాఖపట్టణము జిల్లాలోనివే. కావున ఆ మన్యపు బీర, కాకర, ఆనప పాదులకు గలుగు కీడు తెలుగువారికి పరాయి విషయము కాదు.

వానకారున పిందె వంకరపోయి కుళ్లినచో వానను నిందించుట సహజము. కాని దోషము పండు ఈగది. వాన దానికి తోడ్పడు నంతే. ఆడ ఈగ లేత పిందెకు సూదివంటి అంగముతో రంధ్రము చేసి లోపల గ్రుడ్లు పెట్టును. పురుగులు గుజ్జును దిని, పిదప నేలలోనికి దిగి కోశములు కట్టుకొనును. ఉష్ణము 32 డిగ్రీలకు తగ్గి, గాలిలో తేమ నూటికి 60-70 వంతులున్నప్పుడు వీని సంతతి ప్రబలును. గట్టి చలిలోను, పొడి వేసవిలోను క్షీణించును. మన్యమున వానలు తెఱపి యిచ్చిన దినములలో ఈ రెండును గూడును. పాదు కాపునకు వచ్చునదియు అప్పుడే.

వింత యొకటి కలదు. ఈ ఈగ పుట్టినిల్లు భారతదేశమని పలువురు శాస్త్రజ్ఞుల యభిప్రాయము. ఐనను 1899లో కోకిల్లెట్ దీనికి శాస్త్రనామము పెట్టినది హవాయి దీవులలో దొరికిన ఈగలను జూచి! దీని నణచుటకై 1916లో ఫుల్లవే యను శాస్త్రజ్ఞుడు భారతదేశమునుండియే ఒక చిన్న పరాన్నజీవి కందిరీగను హవాయికి గొనిపోయెను. ఆ కందిరీగ పేరులో ఫ్లెచర్ పేరు నిలిచినది; 1914లో దక్షిణ భారతపు కీటకములపై గ్రంథము వెలువరించిన వాడాయనయే. వంధ్యమొనర్చిన ఈగలను కోట్లకొలదిగ విడిచి, జపాను 1993 నాటికి ఒకినావా దీవులనుండి దీనిని నిర్మూలించెను.

పెరటి పాదునకు అంత సన్నాహ మక్కఱలేదు. పుచ్చి రాలిన కాయలను ఏరి లోతుగా పాతవలెను. పాదు మొదలి మన్ను త్రవ్వి కోశములను ఎండకు వేయవలెను. పిందెలకు కాగితపు సంచులు తొడుగవలెను. ఒక్క యింటివారే చేసినచో ఫలము స్వల్పము. పొరుగు పాదున విడిచిన కుళ్లుకాయనుండి ఈగ మరల వచ్చును.