చిన్నమెదడు కదలికను ఎలా సరిదిద్దుతుంది? సూరత్‌లో పుట్టిన డాక్టర్ గుర్తించిన జబ్బు కథ

సూరత్ మరమగ్గాల మీద పనిచేసేవారిలో తెలుగు నేత కుటుంబాలవారూ ఉన్నారు. మగ్గం మీద తెగిన పోగును అతకడానికి చెయ్యి చాచాలన్న ఆదేశం పెద్దమెదడుది. వేళ్లు సరిగ్గా ఆ పోగు దగ్గరే ఆగేలా చూసేది మాత్రం తల వెనక, అడుగున ఉండే చిన్నమెదడు. పాఠ్యపుస్తకాల్లో దీన్నే అనుమస్తిష్కం అంటారు. బరువులో మెదడు మొత్తంలో పదో వంతే. కానీ మెదడులోని సుమారు 8,600 కోట్ల నాడీకణాల్లో 6,900 కోట్ల దాకా ఇక్కడే ఉంటాయి.

చిన్నమెదడు కండరాలకు నేరుగా ఆదేశాలివ్వదు. మూడు జతల నాడీ కట్టలు దాన్ని మెదడు కాండంతో కలుపుతాయి. అన్నిటికన్నా పెద్దదైన మధ్య కట్ట ద్వారా పెద్దమెదడు ఆదేశానికి ఒక నకలు వస్తుంది. అది మెదడు కాండంలోని పాన్స్ అనే భాగంలో ఆగి, అవతలి వైపుకు దాటి చేరుతుంది. చెయ్యి, కాలు నిజంగా ఎక్కడున్నాయన్న కబురు వెన్నుపాము నుంచి ఎక్కువగా కింది కట్టలో వస్తుంది. అనుకున్నదానికీ జరిగినదానికీ తేడా ఉంటే, దిద్దుబాటు పై కట్ట గుండా మళ్లీ అవతలి వైపుకు దాటి, థాలమస్ మీదుగా పెద్దమెదడుకు వెళుతుంది. దిద్దుబాటు ఇలా ఒకసారి, పెద్దమెదడు నుంచి కండరాలకు దిగే ఆదేశం మరోసారి అవతలి వైపుకు దాటడం వల్లే చిన్నమెదడు ఎడమ సగం దెబ్బతింటే ఎడమ చెయ్యే తడబడుతుంది. పెద్దమెదడు దెబ్బతిని వచ్చే పక్షవాతంలో జరిగేది దీనికి విరుద్ధం.

ఈ అల్లికలో ఏ భాగం చెడిందో రోగిని చూసే చెప్పవచ్చా? 1925లో సూరత్‌లో పుట్టిన న్యూరాలజిస్టు నోషిర్ వాడియా పరిశీలన ఇక్కడే పనికొస్తుంది. ముంబయిలో పనిచేస్తూ ఆయన, ఆర్.కె. స్వామి కలిసి 1971లో ‘బ్రెయిన్’ పత్రికలో తొమ్మిది కుటుంబాల గురించి రాశారు. ఆ రోగులకు నడక తూలేది, చేతులు గురి తప్పేవి. అంతవరకూ వైద్యులకు తెలిసిన లక్షణాలే. కొత్తది వాళ్ల కళ్లలో కనిపించింది. చూపు ఒక వస్తువు మీంచి మరోదాని మీదికి చటుక్కున దూకకుండా, మెల్లగా జరిగేది.

చూపు ఎంత దూరం దూకాలో సరిచూసేది చిన్నమెదడు. అడ్డంగా దూకే చూపుకు వేగాన్నిచ్చే కణాలు మాత్రం పాన్స్‌లో ఉన్నాయి. కాబట్టి కళ్లు మెల్లగా కదిలాయంటే జబ్బు చిన్నమెదడును దాటి మెదడు కాండంలోకీ పాకినట్టే. స్కానింగులు లేని రోజుల్లో, కేవలం కళ్లను చూసి పట్టుకున్న ఆధారమిది!

ఈ జబ్బును ఇప్పుడు స్పైనోసెరిబెల్లార్ అటాక్సియా రకం 2 అంటున్నారు. దీనికి కారణమైన జన్యువు 1996లో దొరికింది. అందులో మూడక్షరాల జన్యు సంకేతం ఒకటి మామూలుగా 22 సార్లు పక్కపక్కనే వస్తుంది. 33కు పైబడితే జబ్బు వస్తుంది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. తరం మారేకొద్దీ మరింత చిన్న వయసులోనే బయటపడటమూ ఉంది.

తూలే నడక, ముద్దగా వచ్చే మాట చూసి ‘తాగాడు’ అనేస్తారు. పని పోయేదీ, పరువు పోయేదీ అక్కడే. రక్త పరీక్షతో జన్యువును నిర్ధారించవచ్చు. అయితే లక్షణాల్లేని పిల్లలకు ఆ పరీక్ష చేయించే ముందు జన్యు సలహా తీసుకోవాలి. జబ్బును ఆపే మందు లేదు. నడక, నిలకడ కోసం క్రమం తప్పని ఫిజియోథెరపీ, మాటకూ మింగడానికీ స్పీచ్ థెరపీ కొంత మేలు చేస్తాయి.