పక్క సీట్లో కూర్చున్నవాడు

నా డ్రైవింగ్ లైసెన్సు పూర్తిగా నాది కాదు. పీహెచ్‌డీ ముగిసిన వేసవిలో హైదరాబాదులో ఒక డ్రైవింగ్ స్కూల్లో చేరాను. పరీక్ష రోజు, నేర్పిన మాస్టారే నా పక్క సీట్లో కూర్చున్నారు. స్టీరింగ్ నా చేతుల్లోనే ఉంది కానీ ఆయన కాళ్ళ దగ్గర కూడా ఒక క్లచ్చు, ఒక బ్రేకు ఉన్నాయి. ఎనిమిది ఎవరు వేశారో ఇప్పటికీ చెప్పలేను. దిగాక "పాసైపోయావమ్మా" అన్నారు. నేర్పినవాళ్ళే గట్టెక్కిస్తే తప్పేముందని అప్పుడనిపించింది.

అమెరికాలో లారీలు నడిపే స్త్రీల గురించి చదవడం మొదలుపెట్టాక ఆ మాట మీద నమ్మకం పోయింది. సాహిత్యం చదువుకున్నదాన్ని, చట్టాలు చదవడం నాకు రాదు. అయినా అక్కడి లైసెన్సు నిబంధనలని ఒక పాఠ్యంలాగే చదివాను. ఇది ఎవర్ని అనుమానిస్తోంది? ఎవర్ని అసలు చూడనే చూడటం లేదు?

1986కి ముందు అక్కడ చాలా రాష్ట్రాల్లో కారు లైసెన్సుంటే చాలు, పద్దెనిమిది చక్రాల లారీ కూడా నడపొచ్చు. ఒక రాష్ట్రంలో లైసెన్సు పోతే ఇంకో రాష్ట్రంది జేబులో ఉండేది. ఆ ఏడాది వచ్చిన వాణిజ్య వాహనాల భద్రతా చట్టం దీన్ని మార్చింది. 1992 ఏప్రిల్ 1 నుంచి పెద్ద వాహనాలకి విడిగా పరీక్షలు, విడిగా లైసెన్సు తప్పనిసరి అయ్యాయి. ఇన్ని పరీక్షలూ ప్రభుత్వ ఉద్యోగులే పెట్టనక్కర్లేదని 1988 నిబంధనలు వీలిచ్చాయి. రాష్ట్రం ఒప్పుకుంటే లారీ కంపెనీలో, శిక్షణా సంస్థలో డ్రైవింగ్ పరీక్ష పెట్టొచ్చు. దీన్నే థర్డ్ పార్టీ టెస్టింగ్ అంటారు.

ఈ మూడో పక్షాన్ని నమ్మడమెలా అన్న బెంగ ఆ నిబంధనల నిండా ఉంటుంది. 2011లో దాన్ని ఇంకా బిగించారు. పరీక్షకుల నేరచరిత్ర చూడాలి. ఎవరికి ఎప్పుడు పరీక్షో రెండు పనిదినాల ముందే రాష్ట్రానికి తెలియజేయాలి. మోసం బయటపడితే మళ్ళీ పరీక్షలు పెట్టే ఖర్చుకి ముందే బాండు ఇవ్వాలి. రెండేళ్ళకోసారైనా తనిఖీ జరగాలి. రాష్ట్ర ఉద్యోగి మామూలు అభ్యర్థిలా వెళ్ళి పరీక్షకి కూర్చోవచ్చు, పరీక్షకుడితో పాటు తనూ మార్కులు వేసి పోల్చొచ్చు, పాసైనవాళ్ళని పిలిచి మళ్ళీ నడిపించి చూడొచ్చు. మారువేషంలో ఊరు తిరిగే మన కథల రాజు గుర్తొచ్చి నవ్వుకున్నాను.

ప్రభుత్వమే పరీక్ష పెడితే ఈ గొడవ ఉండదా? ఇలినాయ్‌లో పెట్టింది ప్రభుత్వోద్యోగులే. 1994 నవంబరులో మిల్వాకీ దగ్గర ఒక లారీ నుంచి ఊడిపడిన ఇనుప ముక్క వెనక వస్తున్న వ్యానుకి తగిలి మంటలంటుకుని, ఒకే ఇంటి పిల్లలు ఆరుగురు చనిపోయారు. లారీ డ్రైవరు లైసెన్సు లంచంతో వచ్చింది. ఆ లంచాల్లో కొంత అప్పట్లో లైసెన్సుల శాఖ చూసిన జార్జ్ రయాన్ ఎన్నికల నిధికి చేరిందని దర్యాప్తులో తేలింది. ఈలోగా ఆయన గవర్నరయ్యాడు, దిగిపోయాడు, 2006లో అవినీతి కేసుల్లో దోషిగా తేలాడు. ఆరుగురు పిల్లల్ని పోగొట్టుకున్న తల్లికి ఆ నిజం చేరడానికి ఏళ్ళు పట్టింది.

అంటే చట్టానికి తెలిసిన నేరం డబ్బు. 2011 నిబంధనల్లో ఇంకో వాక్యం ఉంది: శిక్షణ ఇచ్చిన వ్యక్తి తన దగ్గర నేర్చుకున్నవారికి తానే పరీక్ష పెట్టకూడదు. నా మాస్టారి కారు గుర్తొచ్చింది. 2019లో ఫెడరల్ సంస్థ ఈ నిషేధాన్ని ఎత్తేద్దామని ప్రతిపాదించింది, 2021లో వెనక్కి తీసుకుంది. ఎత్తేద్దామన్నప్పుడు చెప్పింది పరీక్షల్లో జాప్యం గురించి, వద్దనుకున్నప్పుడు చెప్పింది మోసం గురించి. నేర్పే చెయ్యీ, పాస్ చేసే చెయ్యీ ఒక్కటే అయితే, ఆ క్యాబిన్‌లో కూర్చున్నది స్త్రీ అయితే దానికి ఇంకో అర్థం ఉంటుందని మనకి తెలుసు. పరిశోధక విద్యార్థినులకి ఇంకా బాగా తెలుసు.

లైసెన్సు వచ్చాక సంగతి చూడండి. అయోవాలోని సీఆర్‌ఎస్‌టీ అనే కంపెనీలో కొత్త డ్రైవరు కొన్ని వారాలు సీనియర్ డ్రైవరుతో దూరప్రయాణం చెయ్యాలి. ఒకే క్యాబిన్, వెనక పడుకునే బెర్తు, దారంతా ఇద్దరే. పనికొస్తారో లేదో చెప్పేది ఆ సీనియరే. పైన చెప్పిన నిషేధం ఇక్కడికి రాదు, ఎందుకంటే ఇది కంపెనీ సొంత పరీక్ష. లైంగిక వేధింపులు జరిగాయంటూ 2007లో సమాన ఉపాధి అవకాశాల కమిషన్ కేసు వేసింది. 250 మందికి పైగా స్త్రీలని బాధితులుగా చూపింది.

ప్రైమ్ అనే ఇంకో కంపెనీ దీనికో "పరిష్కారం" కనిపెట్టింది. ఆడవాళ్ళకి ఆడవాళ్ళే నేర్పాలి! నేర్పే స్త్రీలు కొద్దిమందే కాబట్టి నేర్చుకోవాలనుకున్నవాళ్ళు నెలల తరబడి ఇంట్లో కూర్చున్నారు, మగవాళ్ళు వెంటనే లారీ ఎక్కారు. ఇది వివక్షేనని 2014లో కోర్టు తేల్చింది. మగవాడి ప్రవర్తనకి ఆడపిల్ల బడి మానడం మనకి కొత్తా?

సీఆర్‌ఎస్‌టీ కేసు 2016లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అక్కడ చర్చ వేధింపుల గురించి కాదు, కంపెనీ లాయర్ల ఖర్చు కమిషన్ ఇవ్వాలా వద్దా అని. అప్పటికే, దావా వెయ్యకముందు కమిషన్ విడివిడిగా విచారించి రాజీకి ప్రయత్నించలేదన్న కారణంతో 67 మంది ఫిర్యాదుల్ని కింది కోర్టు కొట్టేసింది. వాటిలో ఉన్నది నిజమో కాదో విచారణ దాకా రానే లేదు.