వీడియో డోర్‌బెల్

వీడియో డోర్‌బెల్ అనగా వీధి తలుపు ప్రక్కన అమర్చుకొనే ఒక రకమైన పిలుపు గంట. దీనిలో మీటతో పాటు ఒక చిన్న కెమెరా, మైకు, స్పీకరు ఇమిడి ఉంటాయి. వచ్చినవారు మీట నొక్కగానే లోపల గంట మ్రోగుతుంది. అదే సమయమున వారి రూపము ఇంటిలోని తెరపై గాని, ఇంటివారి సెల్‌ఫోనులో గాని కనబడుతుంది. తలుపు తీయకుండానే వారితో మాట్లాడవచ్చును. కొన్ని రకములలో ఊరిలో లేకపోయినను మాట్లాడవచ్చును. తెలుగువారి ఇండ్లలో 'కాలింగ్ బెల్లు' అనే మాట స్థిరపడి ఉన్నది కనుక దీనిని 'కెమెరా ఉన్న కాలింగ్ బెల్లు' అని చెప్పినచో అందరికీ తేలికగా బోధపడుతుంది.

ఒంటరిగా ఉండే వృద్ధులకు, పగటిపూట ఇంటిలో ఒక్కరే ఉండేవారికి ఇది మిక్కిలి ఉపయోగకరము. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో, విదేశములలో స్థిరపడిన పిల్లలు తల్లిదండ్రులకు తెచ్చి ఇచ్చే వస్తువులలో ఇది కూడా చేరినది. అయితే అమెరికాలో కొన్న పరికరమును మన ఇంటి కరెంటుకు అట్లే కలుపుటలో ప్రాణాపాయము ఉన్నది. ఆ విషయము 'విద్యుత్ సరఫరా' అనే విభాగమున వివరింపబడినది.

చరిత్ర

అమెరికా శాస్త్రవేత్త జోసెఫ్ హెన్రీ 1831లో విద్యుదయస్కాంతము సాయముతో దూరముననున్న గంటను మ్రోగించి చూపినాడు. తలుపు వద్దనున్న మనిషిని లోపలి తెరపై చూడవలెననే ఆలోచన మాత్రము ఒక నర్సుది. న్యూయార్క్ నగరములోని క్వీన్స్ ప్రాంతమున నివసించిన మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్, ఎలక్ట్రానిక్స్ పని తెలిసిన ఆమె భర్త ఆల్బర్ట్ బ్రౌన్ కలిసి 1966లో ఒక గృహరక్షణ వ్యవస్థకు పేటెంటు కోరినారు. 1969 డిసెంబరు 2న 3,482,037 సంఖ్యతో అది మంజూరయినది. తలుపునకు వేర్వేరు ఎత్తులలో నాలుగు కన్నములు, వాటి వెంట పైకి క్రిందికి జరిగే కెమెరా, లోపలి గదిలో టెలివిజన్ తెర, ఇరువైపుల మాట్లాడే సదుపాయము, దూరము నుండి తాళము తీసే మీట, ఆపద వేళ హెచ్చరిక పంపే మీట అందులో ఉన్నాయి. నేటి పరికరములలో గొప్పగా చెప్పుకొనే అంశములలో అధికభాగము ఆ పత్రములోనే ఉన్నవని గమనించవచ్చును.

తరువాతి కాలములో అపార్ట్‌మెంట్లలో తీగలతో పనిచేసే వీడియో డోర్‌ఫోనులు వ్యాపించినవి. వై-ఫై, స్మార్ట్‌ఫోను వచ్చిన పిదప జేమీ సిమినాఫ్ 'డోర్‌బాట్' అనే పరికరమును రూపొందించి, 2013లో అమెరికా టెలివిజన్ కార్యక్రమము 'షార్క్ ట్యాంక్'లో ప్రదర్శించినాడు. అక్కడ పెట్టుబడి ఒప్పందము కుదరలేదు. 2014లో 'రింగ్' అని పేరు మార్చుకొన్న ఆ సంస్థను 2018లో అమెజాన్ కొనుగోలు చేసినది.

పనిచేయు విధానము

మనిషి రాకను పసిగట్టుటకు చాలా పరికరములలో పీఐఆర్ సెన్సరు ఉంటుంది. ఇది దేహము నుండి వెలువడే పరారుణ కిరణములలోని మార్పును గుర్తిస్తుంది. ఎదురుగా నడిచి వచ్చే మనిషి కంటె అడ్డముగా నడిచే మనిషిని ఇది త్వరగా పట్టుకొంటుంది. మరియొక సంగతి మన ప్రాంతమునకు ముఖ్యమైనది. ఈ సెన్సరు మనిషి వేడికి, పరిసరముల వేడికి గల తేడాపై ఆధారపడుతుంది. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల మే నెల మధ్యాహ్నము గోడలు, నేల మనిషి దేహమంత వేడెక్కినప్పుడు ఆ తేడా తగ్గిపోయి, సెన్సరు మందగిస్తుంది. కొన్ని నమూనాలు చిత్రములోని మార్పును లెక్కించి మనిషిని గుర్తిస్తాయి. వాటికి ఈ ఇబ్బంది తక్కువ, కాని కరెంటు ఎక్కువ కావలెను.

రాత్రివేళ కెమెరా చుట్టూ ఉన్న పరారుణ దీపములు వెలుగుతాయి. చిత్రము నలుపు తెలుపులలో వస్తుంది. ఆ దీపముల వెచ్చదనమునకు, వెలుగునకు పురుగులు, వాటి కొరకు బల్లులు, సాలెపురుగులు చేరుతాయి. కటకమునకు అంగుళము దూరములో ఉన్న సాలెగూడు రాత్రి చిత్రములో తెల్లని తెరవలె కనబడి అసలు మనిషిని కప్పివేస్తుంది. పదిహేను రోజులకొకసారి మెత్తని గుడ్డతో తుడుచుట మంచిది.

రకములు

బ్యాటరీతో పనిచేసేవి, ఇంటి కరెంటుతో పనిచేసేవి, తీగల ద్వారా లోపలి తెరకు కలిపే డోర్‌ఫోనులు అని స్థూలముగా మూడు రకములు. ఇవి కాక, తలుపునకున్న చూపు కన్నములో బిగించే చిన్న తెర గల పరికరములు కూడా ఉన్నాయి. అద్దె ఇంటిలో ఉండేవారికి, గోడకు రంధ్రము చేయుటకు వీలు లేనివారికి ఇవి సరిపోతాయి.

బ్యాటరీ రకమును అమర్చుట సులభము. అయితే రద్దీ వీధిలోనికి కెమెరా చూస్తున్నచో ప్రతి బాటసారికీ మేల్కొని, నెలల తరబడి రావలసిన బ్యాటరీ వారములలోనే అయిపోవును. అంతేగాక మేల్కొనుటకు క్షణకాలము పట్టుటచే, వచ్చిన మనిషి వెనుదిరిగిన పిమ్మట రికార్డింగు మొదలగుట కూడా కద్దు. తీగల డోర్‌ఫోనుకు ఇంటర్నెట్టు అవసరము లేదు, నెలసరి చందా లేదు, పాస్‌వర్డు దొంగిలించే బెడద లేదు. సెల్‌ఫోను వాడకము అలవాటు లేని పెద్దలున్న ఇంటికి, గోడపైని ఏడంగుళముల తెర ఎంతో అనుకూలము. ఆధునికము కాదనే కారణముచే దీనిని తక్కువగా చూచుట సరికాదు.

విద్యుత్ సరఫరా

అమెరికా ఇండ్లలో పిలుపు గంటకు నేరుగా ఇంటి కరెంటు ఇవ్వరు. 120 వోల్టుల కరెంటును ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు 16 నుండి 24 వోల్టులకు తగ్గించి గంటకు, మీటకు అందజేస్తుంది. అచ్చట అమ్మే తీగల నమూనాలు ఆ తక్కువ వోల్టేజికే తయారయినవి. మన ఇండ్లలో కాలింగ్ బెల్లు మామూలుగా 230 వోల్టుల మీదనే నడుస్తుంది. గోడపైని స్విచ్చులో కూడా ఆ 230 వోల్టులే ఉంటాయి. పాత స్విచ్చు ఊడదీసి అదే తీగలను అమెరికా పరికరమునకు కలిపినచో అది కాలిపోవును. ప్లాస్టిక్ పెట్టె వెనుక బయటకు కనబడే మరలకు 230 వోల్టులు చేరుటచే, తాకినవారికి, వాన కాలములో తడి గోడను ఆనుకొన్నవారికి కూడా ప్రాణాపాయము.

ఇట్టి పరికరమును వాడదలచినచో 230 వోల్టులను 16-24 వోల్టుల ఏసీకి తగ్గించే ట్రాన్స్‌ఫార్మరును ఇంటి లోపల, గాలి ఆడే చోట అమర్చి, దాని నుండి వేరే తీగలను బయటకు లాగవలెను. ట్రాన్స్‌ఫార్మరు సామర్థ్యము (వోల్ట్-ఆంపియర్లు) పరికరముతో వచ్చిన పత్రములో చెప్పినదానికి తక్కువ కారాదు. పాత 230 వోల్టుల గంటను ఈ వలయములో కలపరాదు. లోపల శబ్దమునకు ప్లగ్గులో పెట్టే వైర్‌లెస్ గంటను వాడవలెను. అది కూడా అమెరికాలో కొన్నదయినచో, దానిపై 100-240 వోల్టులు అని వ్రాసి ఉన్నదో లేదో చూడవలెను.

భారతదేశములో 230 వోల్టులకే తయారయిన నమూనాలకు మరియొక చిక్కు ఉన్నది. మన వైరింగులో ఫేజు తీగ స్విచ్చులోనికి వచ్చి, అక్కడ నుండి గంటకు పోతుంది. న్యూట్రల్ తీగ నేరుగా గంటకే వెళ్ళును. అనగా తలుపు ప్రక్క స్విచ్చు పెట్టెలో రెండు తీగలు కనబడినను అవి ఫేజు, న్యూట్రల్ కావు. రెండునూ ఫేజు దారిలోనివే. కెమెరాకు నిరంతరము కరెంటు కావలెను కనుక న్యూట్రల్ తీగను కొత్తగా లాగవలసి ఉంటుంది. 'తీగలు ఉన్నవి, పది నిమిషముల పని' అని అంగడివారు చెప్పిన మాట ఇక్కడనే తప్పుతుంది. ఈ పనిని అనుభవము గల ఎలక్ట్రీషియను చేతనే చేయించవలెను.

ఎంపికలో గమనింపవలసినవి

ప్రకటనలలో చిత్ర స్పష్టత ముందుగా కనబడుతుంది. 1080పి అనగా అడ్డముగా 1920 చుక్కలు గల చిత్రము. కెమెరా 160 డిగ్రీల వెడల్పు చూస్తున్నచో సగటున డిగ్రీకి 12 చుక్కలు మాత్రమే వస్తాయి. మనిషి ముఖము వెడల్పు సుమారు 15 సెంటీమీటర్లు. ఒక మీటరు దూరములో ఆ ముఖమునకు దాదాపు 100 చుక్కలు, 3 మీటర్ల దూరములో 34, 6 మీటర్ల దూరములో 17 చుక్కలు దక్కుతాయి. తెలియని ముఖమును నిర్ధారించుటకు సుమారు 40 చుక్కలు కావలెనని నిఘా కెమెరాల ప్రమాణములలో లెక్క. కాబట్టి తలుపు ప్రక్క కెమెరా తలుపు వద్ద నిలిచినవారి కొరకే; దూరముననున్న ప్రహరీ గేటు వద్ద ఎవరు ఉన్నారో దానితో తేల్చుకొనుట కష్టము. గేటుకు తాళము వేసుకొనే అలవాటున్న ఇండ్లలో గేటు స్తంభమునకే దీనిని అమర్చుట సబబు.

వసారాలో నీడ, వెనుక వీధిలో ఎండ ఉన్నప్పుడు మనిషి ముఖము నల్లగా పడుతుంది. హెచ్‌డీఆర్ లేదా డబ్ల్యూడీఆర్ అనే సదుపాయము దీనిని సరిదిద్దుతుంది. చుక్కల సంఖ్య కంటె ఇది ముఖ్యము. పార్సిళ్ళు గడప వద్ద పెట్టి పోయే ఇండ్లలో తల నుండి పాదముల వరకు కనబడే నిలువు చిత్రము గల నమూనా మేలు.

వానకు, దుమ్ముకు తట్టుకొనే శక్తిని ఐపీ సంఖ్య తెలుపుతుంది. ఐపీ 65లో మొదటి అంకె దుమ్మును, రెండవది నీటిని గూర్చి చెప్పును. ఎండ విషయము మాత్రము చాలామంది చూడరు. పెక్కు నమూనాల గరిష్ఠ ఉష్ణోగ్రత పరిమితి 45 నుండి 50 డిగ్రీల సెల్సియస్. పడమటి ముఖము గల ఇంటిలో సాయంకాలపు ఎండ నేరుగా తగిలిన నల్లని ప్లాస్టిక్ పెట్టె, గాలి ఉష్ణోగ్రత 42 డిగ్రీలున్న రోజున కూడా ఆ పరిమితిని దాటును. లిథియం బ్యాటరీ ఆయుష్షు వేడికి త్వరగా తరుగుతుంది. అట్టి చోట తీగల రకమును ఎంచుకొని, పైన చిన్న చూరు వంటిది ఏర్పాటు చేయవలెను.

రికార్డింగును మెమొరీ కార్డులో గాని, కంపెనీ సర్వరులలో గాని దాచుకొంటారు. సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున ఎడతెగక రికార్డు చేసినచో రోజుకు 21.6 గిగాబైట్లు అగును. 128 గిగాబైట్ల కార్డు ఆరు రోజులకు నిండి, పాతది చెరిగిపోతుంది. సర్వరులో దాచుటకు నెలసరి చందా ఉంటుంది. కొన్న ధరతో పాటు మూడేళ్ళ చందాను కూడా కలిపి లెక్కించి నమూనాలను పోల్చుట మంచి పద్ధతి. మెమొరీ కార్డు బయటి పెట్టెలోనే ఉన్నచో, పరికరమును పీకుకొని పోయిన దొంగతో సాక్ష్యము కూడా పోవును.

అమర్చు విధానము

ముందుగా పరికరమును చేత పట్టుకొని, తలుపు మూసి, వై-ఫై అందుచున్నదో లేదో చూడవలెను. కాంక్రీటు గోడలు, ఇనుప గ్రిల్లులు, ఉక్కు తలుపులు సంకేతమును తగ్గిస్తాయి. చాలా నమూనాలు 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలోనే పనిచేస్తాయి; అది 5 గిగాహెర్ట్జ్ కంటె గోడలను బాగుగా దాటగలదు. సంకేతము చాలనిచో రౌటరును తలుపు దగ్గరకు మార్చుటయే చవకైన ఉపాయము. కరెంటు పోయినప్పుడు గంట బ్యాటరీతో నడిచినను రౌటరు ఆగినచో ప్రయోజనము లేదు కనుక రౌటరును ఇన్వర్టరు లైనుకు కలపవలెను.

నేల నుండి సుమారు 1.2 మీటర్ల (నాలుగడుగుల) ఎత్తు తగినది. ఇంకను ఎత్తున పెట్టినచో తలల పైభాగము మాత్రమే కనబడును. రంధ్రములు చేయుటకు ముందు మెయిను ఆపి, టెస్టరుతో ప్రతి తీగను పరీక్షింపవలెను. గోడలోపలి పైపు ఏ దారిన పోయినదో తెలియకుండ డ్రిల్లు చేయరాదు. తీగ వచ్చే రంధ్రము చుట్టూ సిలికాన్ పూసి, అడుగు భాగమును మాత్రము వదిలివేయవలెను. లోన చేరిన నీరు దిగిపోవుటకు అదే దారి.

తరువాత పాస్‌వర్డు మార్చి, రెండంచెల ధ్రువీకరణను తప్పక పెట్టుకొనవలెను. ఎలక్ట్రీషియను ఫోనులో ఖాతా తెరిపించి అట్లే వదలివేయుట ప్రమాదకరము. ఖాతా ఇంటివారి పేరనే ఉండవలెను.

గోప్యత, చట్టము

ఇంటిని కాచే కెమెరా ఇంటివారినే చూపించవచ్చును. రింగ్ సంస్థ ఉద్యోగులు వినియోగదారుల వీడియోలను చూడగలిగినారని, ఖాతాలకు తగిన రక్షణ కల్పించలేదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో అభియోగము మోపగా, 58 లక్షల డాలర్ల చెల్లింపుతో ఆ వ్యవహారము పరిష్కారమయినది. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ కౌంటీ కోర్టు 2021లో ఒక పొరుగింటి వివాదమున, దూరపు మాటలను కూడా రికార్డు చేసే ఇట్టి కెమెరాలు పొరుగువారి హక్కునకు భంగము కలిగించినవని తీర్పు చెప్పినది.

భారతదేశములో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము 2017 ఆగస్టు 24న గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించినది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, వ్యక్తి తన సొంత లేదా గృహ అవసరముల కొరకు చేసే పనులకు వర్తించదు. అంతమాత్రమున పొరుగింటి పడకగది కిటికీని చూచే హక్కు ఎవరికీ రాదు. ఉమ్మడి ఇంటిలో సహనివాసి సమ్మతి లేకుండ నివాస భాగమున కెమెరాలు నడుపరాదని కలకత్తా హైకోర్టు 2025లో చెప్పినది. అపార్ట్‌మెంటులో ఎదురింటి తలుపు సరిగా కెమెరా ముందుకు వచ్చును. ముందుగా ఒక మాట చెప్పి, పరికరములోని 'ప్రైవసీ జోన్' ద్వారా ఆ భాగమును కప్పివేసినచో తగవులు రావు. మాటలు రికార్డు అయ్యే సదుపాయమును ఆపివేయుట కూడా మంచిది.

పరిమితులు

ఈ పరికరము దొంగను చూపును గాని ఆపదు. వై-ఫై సంకేతమును చెడగొట్టిన యెడల రికార్డింగు సర్వరుకు చేరదు. ముఖమునకు గుడ్డ కట్టుకొన్నవాడు, పెరటి గోడ దూకినవాడు దీనికి చిక్కరు. తలుపునకు మంచి తాళము, గొళ్ళెము, వెనుక తలుపునకు గ్రిల్లు ఉన్న తరువాతనే దీని అవసరము వచ్చును. ఎక్కువ రోజులు ఊరు వెళ్ళేవారి కొరకు ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే ఏర్పాటును ప్రవేశపెట్టినారు. దీనిలో ముందుగా తెలియజేసిన వారి ఇంటిలో పోలీసులే కెమెరా అమర్చి, అలికిడి అయినచో సమాచారము అందుకొనేవారు.

గ్యాసు తనిఖీ, బ్యాంకు పత్రములు, పార్సిలు అని చెప్పి వచ్చే అపరిచితుల విషయములో మాత్రము దీని ఉపయోగము స్పష్టము. తలుపు మూసి ఉంచియే గుర్తింపు కార్డును కెమెరాకు దగ్గరగా చూపమని అడుగవచ్చును. ఇంటిలో ఒంటరిగా ఉన్నామని తెలియకుండ 'ఒక్క నిమిషము, మావారు వస్తున్నారు' అని చెప్పుటకు వీలు కలుగును. అనుమానము తోచినచో తలుపు తీయక 112 సంఖ్యకు ఫోను చేయవలెను. సంబంధిత రికార్డింగును వెంటనే ఫోనులోనికి దింపుకొని, చెరిగిపోకముందే పోలీసులకు అందజేయవలెను.